జీడిపప్పు జున్ను

మెట్ల కింద ఉన్న అట్టపెట్టెను ఫిలొమినా మొదట చెత్త అనుకుంది. బూట్లకు అంటిన మంచును గుమ్మం మీద తన్ని దులుపుకుని, వంగి చూస్తే అందులో పాస్తా పొట్లాలు ఉన్నాయి. స్పగెట్టీ, గొట్టాల్లా ఉండే జీటీ, సూపులో వేసే చిన్న నక్షత్రాలు, సగం వాడిన మైదా సంచి. వాటి కింద ఎర్ర రిబ్బను కట్టిన రేకు డబ్బా. అందులో ఉన్నవి సోంపు బిస్కెట్లు. గుడ్డూ వెన్నా లేకుండా తను పనిచేసే బేకరీలో ప్రత్యేకంగా చేసి, క్రిస్మస్ నాడు మేడ మీద చెల్లెలి తలుపు ముందు పెట్టి వచ్చినవి. రిబ్బను ముడి కూడా విప్పలేదు.

పెట్టె అంచున లావు అక్షరాలతో రాసి ఉంది, 'కావలసినవాళ్ళు తీసుకోండి' అని. ఆ రాత చెల్లెలు అడెలీనాది.

"పారేస్తే పారేసింది, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా పారెయ్యాలా!" అని ఫిలొమినా పైకే అనేసింది.

మూడో అంతస్తులో అద్దెకుండే బాటిష్టా అప్పుడే బస్సు డ్రైవరు కోటు గుండీలు పెట్టుకుంటూ దిగుతున్నాడు. "ఫిలొమినాగారూ, మీకు అక్కర్లేకపోతే ఆ స్పగెట్టీ నేను పట్టుకెళ్తాను," అన్నాడు.

"తీసుకో నాయనా, అన్నీ తీసుకో. మా చెల్లెలు దానధర్మాలు మొదలెట్టింది."

"దానం కాదండీ. ఆవిడకి గోధుమ పడదట కదా. డాక్టరమ్మ చెప్పింది. ఒక్క రవ్వంత లోపలికి వెళ్ళినా పేగులు పుండైపోతాయట. మొన్న వంటిల్లంతా కడుక్కుంది. పై అరల్లో సామాన్లు నేనే దింపిపెట్టాను." అతను మాట ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "మీకు తెలుసనుకున్నాను."

ఫిలొమినా కండువా ముడి విప్పుతూ నిలబడింది. ముడి ఎంతకీ రాలేదు. "మాంసం మానేసింది. పాలు మానేసింది, గుడ్లు మానేసింది. ఇప్పుడు గోధుమ కూడానా? ఇంక తినడానికి ఏం మిగిలింది దానికి?"

"నేనూ అదే అడిగానండీ. బంగాళాదుంపలున్నాయిగా అని నవ్వింది." బాటిష్టా రెండు పొట్లాలు చంకన పెట్టుకుని, తలుపు తీసి, చలిగాలి లోపలికి రాకుండా చటుక్కున మూసేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఏడింటికి ఫిలొమినా ఎప్పటిలాగే టీవీ పెట్టుకుంది. పెట్టేది ఒక్కటే, 'సాల్ట్ షెడ్'. రోడ్ల మీద మంచు తోసే మునిసిపాలిటీ బండ్లు, వాటి గ్యారేజీ, అందులో పనిచేసేవాళ్ళు పడే పాట్లు. అక్కచెల్లెళ్ళిద్దరికీ జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో మొదలై, ఆగిపోయి, మళ్ళీ వేసి, మళ్ళీ మళ్ళీ వేస్తున్న కామెడీ. పై అంతస్తులో అడెలీనా కూడా అదే పెడుతుంది. చెక్క ఇల్లు కాబట్టి కింద దగ్గితే పైన వినబడుతుంది. మాటల్లేకపోయినా ఈ రెండేళ్ళూ ఫిలొమినాకు ఏ జోకు పైన పేలిందో తెలుస్తూనే ఉండేది. అడెలీనా నవ్వితే ముందు ఒక చిన్న కీచు, తర్వాత కుర్చీ చప్పుడు.

ఆ రోజు టీవీలో సూపర్వైజరు డెల్మర్ గ్యారేజీ తలుపు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని, "నేనుండగా ఈ ఊళ్ళో ఒక్క రేకు మంచు పడదు!" అన్నాడు. వెంటనే కప్పు మీది మంచంతా అతని నెత్తిన పడింది. ఫిలొమినా నవ్వబోయి ఆగి, పైకి చూసింది. పైన టీవీ మోగుతూనే ఉంది. కుర్చీ మాత్రం కదల్లేదు.

వాణిజ్య ప్రకటనల మధ్య ఒక ముక్క వచ్చింది. శుక్రవారంతో 'సాల్ట్ షెడ్' ఈ చానల్లో ఆఖరు. సోమవారం నుంచి ఆ సమయానికి ఇళ్ళు కొనడం, అమ్మడం గురించి ఏదో వేస్తారట.

మర్నాడు బేకరీలో పని అయ్యాక ఆమె ఇంటికి రాకుండా పెద్ద దుకాణానికి వెళ్ళింది. గోధుమ లేని సరుకులుండే వరసలోకి ఎప్పుడూ పోలేదు. కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని ఒక్కో పొట్లం వెనక్కి తిప్పి చదివింది. బియ్యప్పిండి జీటీ దొరికింది. పాలు కలపని 'వీగన్' జున్ను అని రాసి ఉన్నదాన్ని అమ్ముతున్న పిల్ల ఒక ముక్క పుల్లతో గుచ్చి చేతికిచ్చింది. నోట్లో పెట్టుకుంటే కొవ్వొత్తిలా ఉంది. "మీరు ఇది తింటారా అమ్మా?" అని ఫిలొమినా ఆ పిల్లను అడిగింది. "లేదండీ, అమ్ముతాను," అంది ఆ పిల్ల. జీడిపప్పుతో ఇంట్లోనే చేసుకోవచ్చని కూడా ఆ పిల్లే చెప్పింది.

మొదటిసారి చేసింది గంజి అయింది. గోధుమ జీటీని ఎంతసేపు ఉడికించాలో ఆమె చేతికి తెలుసు, గడియారం అక్కర్లేదు. బియ్యప్పిండి జీటీకి ఆ చెయ్యి పనికిరాలేదు. ఇంకా గట్టిగానే ఉందనుకుని ఒక్క క్షణం అటు తిరిగితే గొట్టాలన్నీ చీలి, నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఆమె ఆ ముద్దను సింకులో పడేసి తిట్టింది. రెండోసారి పక్కకు జరగకుండా నిలబడింది. నాలుగు గొట్టాలు తీసి కొరికి చూసింది. లోపల ఇంకా సున్నంలా గరగరమంటుండగానే దించి, చన్నీళ్ళు పోసి, నూనె చుక్క పట్టించింది. మిగిలింది ఓవెన్లో ఉడుకుతుంది.

నానబెట్టిన జీడిపప్పును నిమ్మరసం, వెల్లుల్లి, కాస్త జాజికాయ, ఉప్పు వేసి మిక్సీలో తిప్పింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఇంకాస్త నిమ్మరసం పిండింది. మళ్ళీ పెట్టుకుంది. అది పాల జున్ను కాదు. కానీ తినే వస్తువే. తినగా తినగా బాగుంది కూడా. ఆ సంగతి ఆమెకు కొంచెం కోపం తెప్పించింది.

గురువారం బేకరీ నుంచి రాగానే తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, మేడ మెట్లెక్కింది. తలుపు కొట్టి ఒక మెట్టు కిందికి దిగి నిలబడింది.

అడెలీనా తలుపు సగమే తీసింది. తను పనిచేసే పశువుల ఆసుపత్రిలో వేసుకునే నీలం చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. ఆ చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. మణికట్టు ఎముక పొడుచుకొచ్చింది. ఫిలొమినా కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఏంటక్కా?"

"లోపలికి రానా?"

"నీ ఒంటినిండా పిండి ఉంటుంది."

"తలకి పోసుకుని మరీ వచ్చానే."

అడెలీనా అప్పుడు చూసింది తడి జుట్టును. "ఈ చలిలో తడి తలతో మెట్లెక్కి వస్తావా? బుద్ధుందా నీకు, ఈ వయసులో?" అని, అంతలోనే తలుపు అంచు మళ్ళీ గట్టిగా పట్టుకుంది.

"రేపు సాల్ట్ షెడ్ ఆఖరట."

"తెలుసు."

"కిందకి రా. ఇదివరకు శుక్రవారాలు కలిసి తింటూ చూసేవాళ్ళం కదా, అలా చూద్దాం. జీటీ బేక్ చేస్తాను. నీకు పడే జీటీయేలే. బియ్యప్పిండిది. మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, గోధుమ లేదు. జున్ను జీడిపప్పుది."

అడెలీనా తలుపు అంచు వదల్లేదు. లోపల ఎక్కడో కుళాయి చుక్క పడుతోంది.

"నీ చేతి వంట నేను తినను, అక్కా."

ఆ మాటలో కోపం లేదు. ఆసుపత్రి గుమ్మంలో నిలబడి డాక్టరుగారు వెళ్ళిపోయారని చెప్పినట్టు ఉంది. ఫిలొమినాకు అదే ఎక్కువ తగిలింది.

"ఇంకా ఆ పప్పుచారు సంగతేనా? ఈస్టర్లు రెండు పోయాయే!"

"చారు సంగతి కాదు."

"నేను కలిపింది కోడి ఉడికించిన నీళ్ళు. రెండు గరిటెలు. విషం కాదు కదా."

"నేను బాగుందన్నాను," అంది అడెలీనా. "ఇంకో గిన్నె అడిగాను. నువ్వు పోశావు. నేను పూర్తిగా తినేదాకా ఆగి, ఆ ఎముకల గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, 'చూశారా, కనిపెట్టలేకపోయింది' అన్నావు. అందరూ నవ్వారు. అందరికంటే నువ్వే ఎక్కువ నవ్వావు."

"తమాషాకి చేశానే."

"తెలుసు. అందుకే చెప్తున్నాను. కోపంతో చేసి ఉంటే ఎప్పుడో తీరేది." ఆమె ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. "అప్పుడంటే మనసుకే కష్టమైంది. ఇప్పుడు తేడా వస్తే వారం రోజులు మంచం దిగలేను."

ఫిలొమినా మెట్ల కమ్మీ మీద ఉన్న పాత రంగు పెచ్చును గోటితో గీకింది. దిగడానికి వెనక్కి తిరిగింది.

"టీవీ చూడ్డానికి వస్తాను," అంది వెనక నుంచి అడెలీనా. "నా తిండి నేనే తెచ్చుకుంటాను."

మెట్లు దిగుతుంటే ఫిలొమినాకు ఆ రెండో గిన్నె గుర్తుకొచ్చింది. మొదటి గిన్నె పోసినప్పుడు చెయ్యి కొంచెం తటపటాయించింది. అది తనకు బాగానే జ్ఞాపకం. రెండోసారి అది కూడా లేదు.

శుక్రవారం ఆమె బేకరీకి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని ఫోనులో చెప్పేసింది. పొద్దున్నే వేణ్ణీళ్ళు కాచి, గట్టు, పొయ్యి, ఫ్రిజ్ పిడి, ఉప్పు డబ్బా మూత, అన్నీ సబ్బుతో కడిగింది. బేకరీకి వేసుకెళ్ళే స్వెటర్లు మూటకట్టి వెనక వరండాలో పడేసింది. కొత్త ట్రే, కొత్త గరిటె కొనుక్కొచ్చింది. చెక్క గరిటెలు పిండి పీల్చుకుంటాయని తనకు తెలుసు, వాటిని దాచేసింది.

గ్రేవీ మధ్యాహ్నం నుంచే సన్నసెగ మీద పెట్టింది. టమాటాలను చేత్తోనే చిదిమి, వెల్లుల్లి ఎర్రబడకుండానే వేసి, నూనె పైకి తేలేదాకా కదిపింది. జీటీని గరగరమంటుండగానే వార్చి, సగం గ్రేవీ కలిపి ట్రేలో పరిచింది. దాని మీద జీడిపప్పు జున్ను ముద్దలు ముద్దలుగా పెట్టి, మళ్ళీ జీటీ, మళ్ళీ గ్రేవీ, పైన దంచిన బాదం, ఎండుమిరప గింజలు. ఓవెన్లోంచి తీసేసరికి అంచులు బుడబుడమంటున్నాయి, పైపొర అక్కడక్కడ మాడీ మాడని రంగులో ఉంది. ఫిలొమినా ట్రే ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఏ పండగకూ ఇంత జాగ్రత్తగా చెయ్యలేదు.

ఏడవుతుండగా అడెలీనా వచ్చింది. చేతిలో గాజు డబ్బా, అందులో అన్నం, చిక్కుడుగింజలు. తన చెంచా కూడా తనే తెచ్చుకుంది. సోఫాలో ఎప్పుడూ కూర్చునే మూలనే కూర్చుంది గానీ, వాసన రాగానే మెడ వంటింటి వైపు తిరిగింది.

"ఏం వేశావు?"

ఫిలొమినా వెళ్ళి పొట్లాలన్నీ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. అడెలీనా ఒక్కోటి దీపం వైపు ఎత్తి చదివింది. జీటీ పొట్లం. టమాటా డబ్బా. బాదం. మిరప గింజల సీసా కూడా. చదివి చదివి, చివరికి వాటిని బల్ల మీద వరసగా పేర్చింది.

"ట్రే?"

"కొత్తది. ఇదిగో, అంటించిన కాయితం ఇంకా పూర్తిగా ఊడలేదు."

"గరిటె?"

"కొత్తదే."

అడెలీనా తన డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. "సరే. కొంచెం పెట్టు," అంది నెమ్మదిగా. "ఆ మూల ముక్క పెట్టు."

ఫిలొమినా వంటింట్లోకి దాదాపు పరిగెత్తింది. పళ్ళెం కోసం గిన్నెల స్టాండు వైపు చెయ్యి చాపింది. పళ్ళెం ముందు చిల్లుల గిన్నె బోర్లించి ఉంది. వాళ్ళమ్మ వాడిన అల్యూమినియం గిన్నె, అడుగున చిల్లులు పువ్వులా ఉంటాయి. దాన్ని పక్కకు జరపబోతే వేలికి ఏదో గరుకుగా తగిలింది. దీపం కిందికి తెచ్చి చూసింది. అంచు మడతలో, చిల్లుల చుట్టూ, తెల్లగా, సుద్దలా ఏదో పట్టి ఉంది. గోటితో గీకితే పొట్టులా రాలింది. ఎన్ని ఏళ్ళ పాస్తా గంజో అది. ఆమె దాన్ని పొద్దున కడిగింది. రెండుసార్లు కడిగింది. ఆ గిన్నెలోనే జీటీని వార్చింది.

పక్కగదిలో సాల్ట్ షెడ్ పాట మొదలైంది. "అక్కా, రా! మొదలైపోతోంది!" అని అడెలీనా కేక వేసింది. ఆ కేకలో చాలాకాలంగా లేని తొందర ఉంది.

ఫిలొమినా గోటి కొన మీద ఉన్న తెల్లటి రవ్వను చూసింది. ఆవగింజలో సగం కూడా లేదు. వేణ్ణీళ్ళకు అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. లేదా చచ్చే రకం కాదేమో. చెల్లెలు అన్నీ అడిగింది, ఇది అడగలేదు. ఇక అడగదు కూడా. పళ్ళెంలో పెట్టేస్తే మూల ముక్క తిని, బాగుందంటుంది, ఇంకొంచెం పెట్టమంటుంది.

ఆమె చిల్లుల గిన్నె పట్టుకునే గదిలోకి వచ్చింది.

"తినకే," అంది.

"ఏమైంది?"

"ఇందులో వార్చాను. సందుల్లో పాత పిండి ఉంది. కడిగాను, కానీ ఉంది. చూడు." ఫిలొమినా గిన్నెను దీపం కింద పట్టుకుంది. గిన్నె నీడలో చిల్లులు గోడ మీద చుక్కలుగా పడ్డాయి. "మిక్సీలో కూడా ఎండు రొట్టె పొడి కొట్టేదాన్ని. ఇప్పుడు గుర్తొచ్చింది. ఏదీ గట్టిగా చెప్పలేనే లీనా. ఏమీ కాకపోవచ్చు. కానీ చెప్పలేను."

అడెలీనా గిన్నె వంక చూడలేదు. అక్క ముఖం వంకే చూసింది. టీవీలో ఎవరో జారిపడ్డారు, జనం నవ్వారు.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది.

"తెలిసేది కాదు."

"అంత పనీ చేసి, ఇప్పుడు పారేస్తావా?"

"పారెయ్యను. బాటిష్టాకి పెడతాను." ఫిలొమినా గిన్నె బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలెట్టింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

అడెలీనా లేచింది. బల్ల మీద పొట్లాలు వెతికింది. "ఈ జీటీ పొట్లం ఇంకా విప్పలేదుగా?"

"లేదు. ఎందుకైనా మంచిదని రెండు తెచ్చాను."

"టమాటా?"

"ఒక డబ్బా ఉంది. జీడిపప్పు ఇంకో సంచి ఉంది."

"పట్టుకో. పైకి పద. చేతులు మోచేతుల దాకా కడుక్కుని రా. నా వంటింట్లో ఏదీ ముట్టుకోకూడదు. కూర్చుని చెప్పు, చాలు."

మెట్ల మీద బాటిష్టా ఎదురుపడ్డాడు. వేడి ట్రే చేతిలో పెడితే, "నాకు గోధుమ పడుతుందండీ," అన్నాడు కంగారుగా. "అందుకే నీకిస్తున్నాం," అంది అడెలీనా. అతను అక్కడే ఒక ముక్క నోట్లో వేసుకుని, నాలుక కాల్చుకుని, "జున్ను ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పైకి వెళ్ళిపోయారు.

అడెలీనా వంటిల్లు ఆసుపత్రిలా మెరుస్తోంది. ఫిలొమినాను కిటికీ పక్క స్టూలు మీద కూర్చోబెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆమెకు ఎప్పుడూ అలవాటు లేదు. అవి ఊరుకోవు. వేళ్ళు వాటంతటవే ఉప్పు చిటికెలు పడుతున్నాయి.

"మంట తగ్గించు. వెల్లుల్లి మాడుతోంది."

"మాడట్లేదు."

"నాకు వాసన తెలుసు. తగ్గించు!"

"అరవకు. నీకు మంట కనబడట్లేదు కూడా."

పక్కగదిలో టీవీ పెట్టి ఉంది. ఎవరూ చూడటం లేదు గానీ మాటలు వినబడుతున్నాయి. డెల్మర్ పాత్ర ఏదో అనబోతే వీళ్ళు ముందే అనేస్తున్నారు. ఒకచోట అడెలీనా నడుం మీద చెయ్యి పెట్టుకుని గరిటె ఊపుతూ ఆ పెద్దమనిషి గొంతుతోనే, "నేనుండగా ఈ ఊళ్ళో..." అంది. మిగతా మాట ఫిలొమినా అందించలేకపోయింది. స్టూలు మీద వంగిపోయి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అడెలీనా నోట్లోంచి ముందు చిన్న కీచు వచ్చింది. తర్వాత ఇద్దరూ ఆగలేదు. అలా నవ్వుతుండగా జీటీ సంగతి మరిచిపోయారు.

"దించవే! దించు!" అని ఫిలొమినా అరిచేసరికి ఆలస్యమైంది. అడెలీనా మూత అడ్డుపెట్టి గంజి వార్చింది. గొట్టాలు సగం చీలిపోయాయి.

ఓవెన్లోంచి తీసేసరికి పక్కగదిలో సాల్ట్ షెడ్ అయిపోయి వార్తలు వస్తున్నాయి.

"ఆఖరిది చూడనే లేదుగా," అంది ఫిలొమినా.

"ఎన్నిసార్లు చూశాం. ఆఖర్న ఏమవుతుందో నీకు తెలీదా ఏంటి?"

అడెలీనా రెండు పళ్ళేలు తెచ్చింది. ముందు అక్క పళ్ళెంలో వడ్డించింది. ఇంట్లో అందరికీ వడ్డించి చివర్న నిలబడి తినే ఫిలొమినాకు, తన ముందు పళ్ళెం పెట్టి ఎదుట కూర్చున్న మనిషిని చూస్తే ఏం చెయ్యాలో తోచలేదు. చెంచా తీసుకుంది. మెత్తగా ముద్దయిన జీటీ, నిమ్మరసం మరీ ఎక్కువైన జున్ను, ఒక పక్క మాడిన వెల్లుల్లి చేదు. నెమ్మదిగా నమిలింది.

"ఎలా ఉంది?" అంది అడెలీనా.

ఫిలొమినా తలెత్తింది. "నిజం చెప్పనా?"

"నిజమే చెప్పు."

"గంజిలా ఉంది. వెల్లుల్లి మాడింది."

అడెలీనా తన పళ్ళెంలోంచి ఒక పెద్ద చెంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని, తొందర లేకుండా, భయం లేకుండా తింది. తర్వాత ట్రే ముందుకు లాగి, అక్క పళ్ళెంలో ఇంకో గరిటె వేసి, తనకూ ఇంకొంచెం వేసుకుంది.